రెండున్నర వేల చిన్న రౌటర్ కొనాలా, పెద్దదాని కోసం ఆగాలా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హన్మకొండలో ఉంటావు, ఉద్యోగం వేరే, ఆదివారాలు మేడ మీద చెక్కపని నేర్చుకుంటున్నావు. చేతిలో ఐదు వేలు ఉన్నాయి. చెక్కలో గాడి తీయడానికి, అంచు తీర్చడానికి వాడే రౌటర్ మెషీన్‌లో రెండున్నర వేలకు దొరికే చిన్నది ఇప్పుడే కొనాలా, ఏడాది ఆగి పెద్దది కొనాలా అని అడిగావు. పూజా మందిరం, పుస్తకాల అర, ఇంటి పేరు పలక చేయాలని ఉందన్నావు. చవక మెషీన్ కొంటే చేతివేళ్ళు పోతాయని ఎవరో భయపెట్టారని కూడా రాశావు.

కొను. ఆగాల్సిన పని లేదు. కానీ ఐదు వేలూ మెషీన్ మీద పెట్టకు. సగం మెషీన్‌కు, మిగతా సగం బిట్లకు (మెషీన్‌కు బిగించే కోత మొనలకు), చెక్కను బల్లకు పట్టించే క్లాంపులకు, కళ్ళద్దాలకు, మాస్కుకు ఉంచుకో. వేళ్ళకు దెబ్బ తగిలేది మెషీన్ చవకదైనందుకు కాదు. బిట్టును దాని పట్టు, అంటే కోలెట్, సరిగా పట్టకపోవడం, చెక్క కదలడం, ఒక్కసారే లోతుగా దించడం, ఈ మూడింటి వల్లే తగులుతుంది. పాతిక వేల మెషీన్‌తో కూడా ఈ మూడు తప్పులూ చేయొచ్చు.

నేను ఇరవై ఆరేళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాను. మా నాన్న దగ్గర రంద, ఉలి, బాడిశలతో నేర్చుకున్నాను. కాజీపేట దగ్గర షెడ్డు ఉంది. దర్వాజలు, కిటికీలు, మందిరాలు, ఈ మధ్య ఎక్కువగా కిచెన్ కబోర్డులు చేస్తాను. షెడ్డులో నాలుగు చిన్న రౌటర్లున్నాయి, అందులో రెండు నువ్వు అడిగే ధరవే. ఒకటి ఆరేళ్ళుగా సన్‌మైకా అంచులు కోస్తూనే ఉంది. దానికి రెండుసార్లు కార్బన్లు (మోటారు లోపల కరెంటు అందిస్తూ అరిగిపోయే ముక్కలు), ఒకసారి బేరింగ్ మార్చాను. ఇంకోటి ఏడాదిన్నరకే షాఫ్టు ఊగడం మొదలుపెట్టింది. రెండూ చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. కొనేటప్పుడే తేడా పట్టుకోవచ్చు, అదెలాగో కింద చెప్తాను.

ముందు పేరు. మన దగ్గర షాపుకు వెళ్ళి రౌటర్ అంటే పెద్దదే చూపిస్తారు. ట్రిమ్మర్ అని అడుగు. సన్‌మైకా అంటించాక బయటికి వచ్చిన అంచు కోయడానికే ఇది మన వడ్రంగుల చేతికి వచ్చింది, అందుకే ఆ పేరు. ఆన్‌లైన్‌లో కాంపాక్ట్ రౌటర్ అని, పామ్ రౌటర్ అని రాస్తారు, వస్తువు అదే. బరువు కిలోన్నర దగ్గర ఉంటుంది. పావు అంగుళం లేదా 6 మిల్లీమీటర్ల కాడ (మెషీన్‌లోకి దూరే భాగం) ఉన్న బిట్లు పడతాయి. పెద్ద రౌటర్‌కు అర అంగుళం కాడ బిట్లు, మూడున్నర నుంచి ఆరు కిలోల బరువు. స్విచ్ నొక్కగానే పెద్దది మణికట్టును ఒక్క గుంజు గుంజుతుంది. నేర్చుకునేవాడు చిన్నదానితో మొదలుపెట్టడం డబ్బు కోసమే కాదు, చేతికి కూడా మంచిది.

దీనితో కాని పనులు కూడా చెప్పాలి. తలుపు మందంలోకి లోతుగా తాళం గుంత తీయడం, తలుపు పలకకు పెద్ద వెడల్పు బిట్టుతో వాలు తీయడం, టేకు దర్వాజకు లావు మోల్డింగ్ కొట్టడం, ఇవి చిన్నదానితో చేయకు. నువ్వు రాసిన మూడు పనుల్లో ఇవేవీ లేవు కాబట్టి నీకు చిన్నది చాలు.

ఇక కోలెట్. బిట్టు కాడను పట్టుకునే చిన్న పిడికిలి అది. నా దృష్టిలో ఈ మెషీన్‌లో అన్నిటికంటే ముఖ్యమైన భాగం అదే.

పదమూడేళ్ళ కింద ఒక తలుపు పని వచ్చింది. ఊళ్ళో పాత ఇల్లు విప్పితే వచ్చిన ఆదిలాబాద్ టేకు దూలం కోయించి, ఆ చెక్కతోనే కొత్త ఇంటికి తలుపు చేయించుకుంటున్నారు. వాళ్ళ తాత వేయించిన దూలం అది. పలకల్లో గాడి తీయాలి. నా మెషీన్ కోలెట్ పావు అంగుళంది, అంటే 6.35 మిల్లీమీటర్లు. చేతికి అందిన బిట్టు కాడ 6 మిల్లీమీటర్లు. రెండు పానాలతో గట్టిగా బిగించాను. చేత్తో లాగితే రాలేదు, పట్టినట్టే అనిపించింది. అడుగున్నర దూరం పోయాక మోత మారింది. ఎక్కువ బరువు లాగుతున్నట్టు మూలిగింది. ఆపి చూస్తే బిట్టు కొంచెం కొంచెంగా కిందికి జారుతూ వచ్చింది. మొదట్లో 5 మిల్లీమీటర్లున్న గాడి, ఆపినచోట 11 అయింది. ఆ పలక పాడైపోయింది. నా డబ్బుతో వేరే టేకు తెచ్చి వేశాను, వాళ్ళు పెద్ద మనసుతో ఒక్క మాటా అనలేదు. కానీ ఆ దూలంలో ముక్క మళ్ళీ దొరకదు కదా. ఇప్పటికీ ఆ ఇంటి ముందు నుంచి పోతే ఆ తలుపే కనిపిస్తుంది.

ఆ రోజు బిట్టు మొత్తం ఊడి ఎగిరిపోయి ఉంటే నా కాలు ఏమయ్యేదో చెప్పలేను. రెండింటికీ తేడా 0.35 మిల్లీమీటర్లే, మూడు నాలుగు జిరాక్స్ కాగితాల మందం. నిమిషానికి ముప్పై వేల సార్లు తిరిగే వస్తువుకు అంత సందు చాలా ఎక్కువ. కోలెట్ గోడలు నిటారుగా కాకుండా ఒక పక్క మాత్రమే కాడను నొక్కుతాయి. చల్లగా ఉన్నప్పుడు పట్టినట్టే ఉంటుంది, అదురు మొదలయ్యాక వదిలేస్తుంది.

అందుకని పెట్టె మీద 6.35 అని ఉందా, 6 అని ఉందా చూడు. కొన్నింటితో రెండు కోలెట్లూ ఇస్తారు, మంచిదే, కానీ ఏది ఎక్కించి ఉందో నీకు తెలియాలి. మన మార్కెట్లో పావు అంగుళం బిట్లు ఎక్కువ రకాల్లో దొరుకుతాయి, కాబట్టి 6.35 దే తీసుకో, బిట్లన్నీ అదే కాడతో కొను. రెండు కాడల బిట్లు ఒకే డబ్బాలో పెట్టకు. సులువైన పరీక్ష కూడా ఉంది. నట్టు వదులుగా ఉంచి బిట్టు దూర్చు. 6 కాడ 6.35 కోలెట్లో కదిలిస్తే లటలటలాడుతుంది. పావు అంగుళం కాడ 6 కోలెట్లోకి అసలు దూరదు. చేతిలో వెర్నియర్ (సన్న కొలతలు తీసే పరికరం) ఉంటే అనుమానమే ఉండదు.

షాపులో చేతికిచ్చాక ఏం చూడాలి? ప్లగ్గు పెట్టకముందే కోలెట్ నట్టు పట్టుకుని అటూ ఇటూ ఊపు. ఏ మాత్రం లటలటమన్నా పక్కన పెట్టేయి. పైన చెప్పిన ఏడాదిన్నర మెషీన్ కొన్నరోజే కొంచెం ఊగింది, నేను పట్టించుకోలేదు. తర్వాత నట్టును చేత్తో మెల్లగా తిప్పు. లోపల ఇసుక ఉన్నట్టు గరగరమంటే బేరింగ్ బాగాలేదు. బిట్టు లేకుండా ఉన్నప్పుడు నట్టును పానాతో బిగించకు, షాపువాళ్ళనూ బిగించనివ్వకు. కోలెట్ లోపలికి నలిగితే మళ్ళీ మామూలుగా విచ్చుకోదు.

పొడవాటి బిట్టు ఒకటి ఎక్కించి, గుణియాను (మూలమట్టాన్ని) మెషీన్ కింది పీట మీద ఆనించి చూడు. బిట్టు నిటారుగా ఉండాలి. ఒక పక్కకు వాలి ఉంటే అంచు కోసిన ప్రతిసారీ మెట్టు పడుతుంది, ఎంత సాండ్‌పేపర్ రుద్దినా పోదు. లోతు బిగించే మర బిగించి మెషీన్‌ను అరచేతులతో గట్టిగా కిందికి అదుము. జారిందంటే పని మధ్యలో కూడా జారుతుంది. చవక మెషీన్లలో ఎక్కువగా లోపం కనిపించేది ఇక్కడే. లోతు మార్చడానికి పళ్ళచక్రం ఉన్నది దొరికితే ఇంకా మంచిది, అర మిల్లీమీటర్ కూడా సులువుగా దించొచ్చు.

అప్పుడు ప్లగ్గు పెట్టి ఒక నిమిషం నడవనివ్వు. పక్క సందుల్లోంచి కార్బన్ల దగ్గర చిన్న నీలం రవ్వలు కనిపిస్తే మామూలే. చుట్టూ ఉంగరంలా మంట తిరుగుతుంటే వద్దు. ఆన్‌లైన్‌లో కొంటే ఈ పరీక్షలన్నీ వచ్చిన రోజే చెయ్యి, వాపసు గడువు దాటనివ్వకు.

పెట్టె మీద వాట్లు చూసి తొందరపడకు. మకిటా 3709 అనే చిన్న రౌటర్ 530 వాట్లు, బాష్ జీకేఎఫ్ 550 అనేది 550 వాట్లు. వీటితో రోజంతా పనిచేసేవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. ఏ పేరూ లేని మెషీన్ మీద వెయ్యి వాట్లు అని రాసి ఉంటే అది నీ పనికి రెండింతలు బలం ఇస్తుందని అనుకోకు. స్పీడు తగ్గించే చక్రం ఉందా అని మాత్రం తప్పక చూడు. మకిటా ఆర్‌టీ 0700 లో నిమిషానికి 10,000 నుంచి 30,000 దాకా మార్చుకోవచ్చు. అది నీ బడ్జెట్లో రాదు, కానీ చవకవాటిలో కూడా ఆరు మెట్ల చక్రం ఉన్నవి వస్తున్నాయి. రెండు మూడు వందలు ఎక్కువైనా అదే తీసుకో.

ఎందుకంటే, 6 మిల్లీమీటర్ల బిట్టు 30,000 మీద తిరిగితే దాని అంచు గంటకు 34 కిలోమీటర్ల వేగంతో చెక్కను తాకుతుంది. అదే స్పీడులో 25 మిల్లీమీటర్ల బిట్టు అంచు గంటకు 141 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. షాఫ్టు తిరిగేది ఒకే లెక్కన, అంచు వేగం నాలుగింతలు. వెడల్పు బిట్టుకు స్పీడు తగ్గించాలనేది ఇందుకే. ఒకే స్పీడు మెషీన్ అయితే 20 మిల్లీమీటర్లు దాటిన బిట్టు దానికి ఎక్కించకు. స్పీడు తగ్గేదైనా 25 దాటకు.

ఇక్కడ కొనాలా, రాణిగంజ్ పోవాలా? రాణిగంజ్‌లో రకాలు ఎక్కువ, నిజమే. ఒక్క ట్రిమ్మర్ కోసం సికింద్రాబాద్ దాకా పోవడం నాకు సరిగా అనిపించదు. మన దగ్గర కొంటే కార్బన్లు అరిగినప్పుడు అదే షాపుకు నడిచి వెళ్ళొచ్చు. కొనేముందే ఆ మెషీన్‌కు కార్బన్లు, కోలెట్ విడిగా దొరుకుతాయా అని అడుగు. దొరకవంటే ఆ మెషీన్ వదిలేయి. బిల్లు తీసుకో.

బిట్ల విషయంలో చాలామంది పన్నెండో పదిహేనో ఉన్న చెక్క డబ్బా సెట్టు కొంటారు. చూడటానికి బాగుంటుంది, అందులో తొమ్మిది ఎప్పటికీ బయటికి రావు. పనికొచ్చే మూడూ మొదటి టేకు పలకకే మొద్దుబారతాయి. టేకులో సహజంగానే ఇసుకరేణువుల్లాంటి సిలికా ఉంటుంది, అందుకే రంద బ్లేడైనా రంపం పళ్ళైనా టేకు మీద తొందరగా అరుగుతాయి. కార్బైడ్ (స్టీలు కంటే గట్టిది) మొన ఉన్న బిట్లు విడివిడిగా ఐదు కొను: 6 మిల్లీమీటర్ల నేరు బిట్టు, 12 మిల్లీమీటర్ల నేరు బిట్టు, అంచును సమంగా కోసే, కొనకు బేరింగ్ ఉన్న ఫ్లష్ ట్రిమ్ బిట్టు, అంచు గుండ్రం చేసే రౌండోవర్ ఒకటి, గుండు మొన బిట్టు ఒకటి. కొనేటప్పుడు కార్బైడ్ ముక్క స్టీలుకు అతికిన చోట గోరుతో తడిమి చూడు. అతుకు సందు లేకుండా ఉండాలి, కార్బైడ్ మందంగా ఉండాలి.

బిట్టు ఎక్కించేటప్పుడు ప్లగ్గు గోడలోంచి తీసెయ్యి. స్విచ్ ఆపితే చాలదు. మా షెడ్డులో ప్లగ్గు తీసి బల్ల మీద కళ్ళకు కనిపించేలా పెట్టాకే పానా ముట్టుకోవాలి. కాడను కోలెట్లోకి పూర్తిగా దూర్చి, రెండు మిల్లీమీటర్లు వెనక్కి లాగి బిగించు. అడుగున ఆనించి బిగిస్తే నట్టు తిరిగేకొద్దీ కోలెట్ కిందికి లాగలేక సరిగా పట్టదు. అలాగని లోతు చాలడం లేదని కాడను బయటికి లాగి చివర మాత్రమే పట్టించకు. కాడలో కనీసం ముప్పావు వంతు లోపలే ఉండాలి.

ఏ వైపు నడపాలి అన్నది కొత్తవాళ్ళకు పెద్ద టెన్షన్. పుస్తకాల్లో బయటి అంచుకు ఒక దిక్కు, లోపలి అంచుకు ఒక దిక్కు అని రాసి ఉంటుంది. నేను కుర్రాళ్ళకు ఒక్క మాటే చెప్తాను: నువ్వు నడిపే దిక్కుకు చెక్క ఎప్పుడూ ఎడమ వైపు ఉండాలి. బల్ల బయటి అంచు అయినా, అద్దం ఫ్రేము లోపలి అంచు అయినా ఇదే. మెషీన్ చేతిలో ఉన్నప్పుడు పై నుంచి చూస్తే బిట్టు గడియారం ముల్లులా తిరుగుతుంది, అందుకే చెక్క ఎడమ పక్కన ఉంటే బిట్టు తనంతట తనే చెక్కకు ఆనుకుంటుంది, నీ చేతికి కొంచెం బరువు తెలుస్తుంది. తిరగేసి నడిపితే బండి చక్రంలా అంచు వెంట ఉరుకుతుంది, చేతిలోంచి జారిపోతుంది. గాడి తీయడానికి నిటారు పట్టీ బిగించుకున్నా అంతే, పట్టీ నీకు ఎడమ వైపు ఉండాలి. మెషీన్ దానంతట అదే పట్టీకి ఒరిగి పోతుంది, గాడి వంకర పోదు.

లోతు విషయంలో ఆశపడకు. చిన్న మెషీన్‌కు ఒక కోతకు 3 మిల్లీమీటర్లు చాలు, గట్టి టేకు అయితే 2. పన్నెండు లోతు గాడి కావాలంటే నాలుగు నుంచి ఆరు సార్లు పోవాలి. ఒక్కసారే దించితే మోటారు వేడెక్కుతుంది, బిట్టు కాలుతుంది, చెక్క కాలుతుంది. లోతు సరిగానే ఉన్నా చెక్క మీద నల్లటి చార పడిందంటే, చాలాసార్లు ఒకచోట ఆగావు లేదా బిట్టు మొద్దుబారింది. చెవితో కూడా తెలుస్తుంది. సాఫీగా కోస్తున్నప్పుడు మోత ఒకే తీరున సన్నగా ఉంటుంది. మోత లావైతే చేయి వేగం తగ్గించు లేదా లోతు తగ్గించు. అసలు ఏ పనికైనా ముందు అదే చెక్క తునక మీద ఒకసారి కోసి చూడు. నేను ఇన్నేళ్ళ తర్వాత కూడా చూస్తాను.

చెక్క నాలుగు అంచులూ గుండ్రం చేయాలంటే ముందు నారకు అడ్డంగా ఉన్న రెండు తల వైపులు కొయ్యి, తర్వాత పొడుగు వైపులు. తల వైపు చివరకు వచ్చేసరికి మూల దగ్గర పెచ్చు లేస్తుంది. తర్వాత పొడుగు వైపు కోసినప్పుడు ఆ పెచ్చు కోతలో పోతుంది. తిరగేసి చేస్తే ఆ పెచ్చు నీ పనిలో ఉండిపోతుంది.

ఇక నీ మందిరం. మన వైపు మందిరానికి చాలామంది వరంగల్ కోట తోరణం పోలికలో పైభాగం అడుగుతారు, నువ్వు కూడా అడ్డపట్టీకి ఏదో వంపు గీసుకుని ఉంటావు. వంపును నేరుగా టేకు మీద గీసి కోయకు. ముందు 12 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్క పొడిని జిగురుతో అదిమి చేసిన పలక) మీద సగం వంపు మాత్రమే గీసి కొయ్యి, సాండ్‌పేపర్ చుట్టిన గుండ్రటి కర్రతో వేలికి ఎక్కడా ఎత్తుపల్లం తగలనంత నున్నగా చెయ్యి. ఇది నీ ఫర్మా. టేకు పట్టీ నడిమి గీతకు ఆనించి గీసుకుని, తిరగేసి రెండో సగం గీసుకో. కుడి ఎడమ రెండూ ఒక్కలాగే వస్తాయి. టేకును జిగ్‌సాతో (వంపులు కోసే కరెంటు రంపంతో) గీతకు 2 మిల్లీమీటర్లు బయటే కొయ్యి. తర్వాత ఫర్మాను రెండు పక్కల జిగురుండే టేపుతో టేకు కింద అంటించి, బేరింగ్ ఫర్మా మీద నడిచేలా ఫ్లష్ ట్రిమ్ బిట్టుతో పోనివ్వు. బేరింగ్ కొనకు ఉన్న బిట్టుకు ఫర్మా కిందే ఉండాలని మర్చిపోకు. ఫర్మా మీద పొట్టు రవ్వ అంటుకుని ఉన్నా బేరింగ్ దాని మీద ఎక్కి దిగుతుంది, టేకు మీద బొడిపె కనిపిస్తుంది. అందుకని మెషీన్ ఆన్ చేసేముందే ఫర్మా అంచంతా వేలితో తుడుచుకో. నేను చేసిన ఫర్మాలు గోడకు వేలాడుతూ ఉంటాయి, పదేళ్ళ కిందటివి ఇప్పటికీ వాడుతున్నాను.

మందిరం తలుపులకు కబ్జాలు (మడతబందులు) దించాలన్నా ఇదే మెషీన్ చాలు. లోతు స్కేలుతో కొలవకు. మెషీన్‌ను తిరగేసి పెట్టి, కబ్జా రెక్కను పీట మీద బిట్టు పక్కనే ఆనించి, బిట్టు కొన రెక్క పైభాగంతో సమానమయ్యేదాకా దించు. రెండింటి మీదుగా గోరు జరిపితే తట్టుకోకూడదు. అంత సరిగ్గా వస్తే తలుపు మూసినప్పుడు సందు సమానంగా ఉంటుంది. బిట్టు గుండ్రం కాబట్టి గుంత మూలలు గుండ్రంగానే మిగులుతాయి. 6 మిల్లీమీటర్ల బిట్టుకు 3 మిల్లీమీటర్ల గుండ్రం. దాన్ని ఉలితో నాలుగు దెబ్బల్లో చదరం చెయ్యి. ఉలి పదునుగా లేకపోతే ఇక్కడే పని చెడుతుంది. రౌటర్ కొన్నానని ఉలిని పెట్టెలో పెట్టెయ్యకు. మా నాన్న దసరాకు ఆయుధపూజలో ఉలి, రందల పక్కన మొదటిసారి ట్రిమ్మర్‌ను కూడా పెట్టి బొట్టు పెట్టినప్పుడు నాకు అన్నది కూడా ఇదే.

పేరు పలకకు తెలుగు అక్షరాలు చెక్కడం ఈ చిన్న మెషీన్ చేసే పనుల్లో నాకు బాగా ఇష్టమైనది. మన అక్షరాల్లో గుండ్రాలే ఎక్కువ, పదునైన మూలలు తక్కువ. గుండు మొన బిట్టు వెళ్ళిన దారి అక్షరం వంపుకు సరిగ్గా కలిసిపోతుంది, ఉలితో మూలలు తీర్చే పని దాదాపు ఉండదు. పెద్ద సైజులో ప్రింటు తీసి చెక్క మీద అంటించు. 2 మిల్లీమీటర్ల లోతుకు మించకు. అరచేతి పక్కభాగం రెండూ చెక్కకు ఆనించి, మెషీన్‌ను పీట దగ్గర పట్టుకుని కదుపు. పైన పట్టుకుంటే ఊగుతుంది. తలకట్లు, వత్తులు చివర్లో చెయ్యి, అప్పటికి చేయి కుదురుతుంది. మొదటి పలక టేకు మీద వద్దు, మామిడి చెక్క మీద చెయ్యి. మరీ మెత్తటి చెక్క కూడా వద్దు. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి లాంటిది ఉలికి వెన్నలా తెగుతుంది గానీ రౌటర్ కింద నార లేచి మెత్తటి బొచ్చు నిలబడుతుంది.

బిగింపు గురించి. చెక్క కనీసం రెండు చోట్ల సీ క్లాంపులతో బల్లకు బిగించాలి. ఒక చేత్తో చెక్క, ఒక చేత్తో మెషీన్ ఎప్పుడూ వద్దు. అరచేయి కంటే చిన్న ముక్కను విడిగా కోయకు, పెద్ద పలక అంచు తీర్చాకే ముక్క కోసుకో. చేతి గ్లౌజులు వద్దు, పొడుగు చేతుల చొక్కా వద్దు, మెడలో కండువా వద్దు. కళ్ళద్దాలు తప్పనిసరి. చెవులకు కూడా ఏదైనా పెట్టుకో, ఈ మోత సన్నగా ఉంటుంది కాబట్టి చెవి ఎంత దెబ్బతింటోందో అప్పటికప్పుడు తెలియదు.

మాస్కు గురించి మా తరం వాళ్ళు పట్టించుకోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్క పొట్టు మనిషికి క్యాన్సర్ తెస్తుందని తేల్చింది, ముఖ్యంగా ముక్కు లోపల. రంద తీస్తే సుడులు సుడులుగా చెక్క వస్తుంది, కింద పడిపోతుంది. రౌటర్ తీసేది పిండిలాంటి పొట్టు, గాలిలోనే తేలుతుంది. ఎండీఎఫ్ కోస్తే ఇంకా సన్నం, అందులో జిగురు కూడా ఉంటుంది. టేకు పొట్టుకు కొందరికి ఒళ్ళు దురద, దగ్గు వస్తాయి. గుడ్డ కట్టుకుంటే చాలదు, ఎన్95 పెట్టుకో. నీకు మేడ మీద గాలి ఉంది, అది మంచిదే. పిల్లలు ఆ పక్కకు రాకుండా చూసుకో.

కొన్నాళ్ళకు మెషీన్‌ను ప్లై కింద తలకిందులు బిగించి చిన్న బల్ల చేసుకోవాలనిపిస్తుంది. చేసుకో, సన్న పట్టీలకు అదే బాగుంటుంది. అప్పుడు చెక్కను నీ ముందు కుడి నుంచి ఎడమకు తొయ్యాలి. బిట్టుకూ వెనక పట్టీకీ మధ్య సందులో చెక్కను ఎప్పుడూ దూర్చకు, బాణంలా పోతుంది.

మెషీన్‌ను చూసుకోవడం పెద్ద పనేం కాదు. ఎండాకాలం రేకుల షెడ్డులో మాకు మోటారు పది నిమిషాలకే చేతికి చురుక్కుమంటుంది. అప్పుడు కోత ఆపి, చెక్కకు తగలకుండా ఖాళీగా ఒక నిమిషం తిప్పితే లోపలి ఫ్యానే చల్లబరుస్తుంది. పని అయ్యాక గాలి కొట్టి పొట్టు పోగొట్టు. కోలెట్ విప్పి లోపల పాత టూత్‌బ్రష్‌తో తుడువు, నూనె మాత్రం వెయ్యకు, జారుతుంది. కార్బన్లు 6 మిల్లీమీటర్లకు అరిగాయంటే రెండూ కలిపి మార్చు. బిట్టుకు అంటిన టేకు జిగురును థిన్నర్‌లో ముంచిన గుడ్డతో తీస్తే సగం సార్లు మొద్దుబారిందనుకున్న బిట్టు మళ్ళీ కోస్తుంది.

ఎక్స్‌టెన్షన్ వైరు గురించి అడిగావు. 500 వాట్ల మెషీన్ 230 వోల్టుల మీద రెండు ఆంపియర్ల పైచిలుకే లాగుతుంది, 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు చాలు. చుట్టకు చుట్టి ఉంచి వాడకు, మొత్తం విప్పి పరుచు, చుట్టలో వేడెక్కుతుంది. వైరును భుజం మీదుగా వెనక్కి వేసుకో, బిట్టు దారిలోకి రాదు.

మందిరం తోరణం ఫర్మా గీసేముందు వెడల్పు, ఎత్తు, చెక్క మందం మూడూ రాయి. ఆ మందానికి ఫ్లష్ ట్రిమ్ బిట్టు ఎంత పొడుగు కావాలో చెప్తాను. ఒక సైజు తక్కువ కొంటే మళ్ళీ డబ్బు పెట్టాల్సి వస్తుంది.